గాలి దిక్కు చూడకుండా దుమ్ము లెక్క తేలదు: పర్యావరణ మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం గాలి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అధికారులు గాలిలోని దుమ్ముకు ఏడాది సగటు ఒకటి బయటికి తీస్తారు. నిరుటి కంటే కాస్త తగ్గిందనో, పెరిగిందనో చెప్పి ముగిస్తారు. ఆ దుమ్ము ఏ గంటలో, ఏ దిక్కు గాలికి, ఎవరి ఇళ్ల మీద పడిందో ఆ కాగితంలో ఉండదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమగ్ర కాలుష్య సూచీలో 100కు 70.82 స్కోరుతో మన ఊరిని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ విశాఖ ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా సగటు దగ్గరే ఆగిపోవడం భావ్యం కాదు. మేం అడిగేది ఒక్కటే: దుమ్ము లెక్కను గాలి లెక్కతో జతచేసి గంటగంటకూ రాయించండి, పనివేళలు దాన్ని బట్టి పెట్టించండి.

ఊరు గిన్నెలో ఉంది. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, పడమర నరవ కొండలు. అడుగున లోపలి హార్బరు, రిఫైనరీ, రైల్వే యార్డులు, పాత ఊరు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలిదే పైచేయి. అప్పుడు మల్కాపురం, రేవు వైపు లేచిన దుమ్ము వన్‌టౌన్, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ మీదికి వస్తుంది. వర్షాకాలం వెళ్లి గాలి ఈశాన్యం నుంచి వీస్తే అదే దుమ్ము మల్కాపురం, శ్రీహరిపురం దారి పడుతుంది. ఒక్కచోట పాతిన యంత్రం ఏడాదిలో చాలా నెలలు దుమ్ము రాని పక్కనే ఉండిపోతుంది. అది చూపే మంచి అంకె అబద్ధం కాదు, ఆ చోటికి మాత్రమే నిజం.

శీతాకాలం సంగతి వేరు. తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి కింద, వెచ్చగాలి పైన చేరి గిన్నెకు మూత పడుతుంది. సాయంత్రం సముద్రపు గాలి ఆగాక, నేల గాలి అందుకునే లోపు ఆకు కదలదు. సరిగ్గా అప్పుడే రోడ్ల మీద రద్దీ. పొద్దున ఎండెక్కి కింది గాలి పైగాలితో కలగలవడం మొదలవగానే, పైన పొగగొట్టాల ఎత్తున నిలిచిన పొగ ఒక్కసారిగా నేలకు దిగుతుంది. పిల్లలు బడికి వెళ్లే వేళ అది. రాత్రి సముద్రం మీదికి పోయిన మురికిలో కొంత మర్నాడు సముద్రపు గాలితోనే తిరిగొస్తుంది. బీచ్ గాలి ఎప్పుడూ శుభ్రమే అనుకోవడానికి లేదు.

ఇక లెక్క ఎలా తప్పుతుందో చూడండి. చేత్తో నమూనా తీసే కేంద్రాలు వారానికి రెండు రోజులే పనిచేస్తాయి, ఏడాదికి 104 నమూనాలు. రెండు గంటలు పీఎం 10 (10 మైక్రాన్లు, అంతకంటే సన్నటి దుమ్ము రేణువులు) ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు ఉండి, మిగతా 22 గంటలు 60 ఉంటే, రోజు సగటు 88. అనుమతించిన 100 లోపే కాబట్టి ఆ రోజు పాసు! ఆ రెండు గంటలూ పీల్చినవాళ్ల ఊసే లేదు.

గాలి కొలిచే పరికరాల మీద శ్రద్ధ ఇంకా తక్కువ. కొలమానం నేల నుంచి 10 మీటర్ల ఎత్తున, పక్కనున్న కట్టడం ఎత్తుకు పదింతల దూరంలో ఉండాలి. మేడ పిట్టగోడకు బిగిస్తే అది కొలిచేది ఆ మేడ చుట్టూ తిరిగే సుడిని. దిక్కు సూచిని అసలు ఉత్తరానికి కాకుండా గోడకు సమంగా బిగించడం మరో పొరపాటు. దిక్కుల్ని మామూలు అంకెల్లా కూడి భాగించడం అన్నిటికన్నా ఘోరం: 350 డిగ్రీలు, 10 డిగ్రీలు రెండూ ఉత్తరపు గాలులే, సగటు కడితే 180, అంటే దక్షిణపు గాలి! చవకరకం లేజరు సెన్సర్లైతే తేమ 75 శాతం దాటగానే, నీరు పీల్చి ఉబ్బిన ఉప్పు రేణువుల్ని కూడా దుమ్ముగా లెక్కేస్తాయి. గాలిని వేడిచేసి లోపలికి తీసుకునే యంత్రంతో సరిపోల్చకుండా వాటి అంకెల్ని నమ్మకూడదు.

దుమ్ము ఎక్కువ కనిపిస్తే "అది సముద్రపు ఉప్పు" అని తేల్చేయడమూ ఉంది. తేల్చే పద్ధతి కష్టమైంది కాదు. దుమ్ము నమూనా పట్టిన వడపోత కాగితంలో సోడియం బరువు కొలిచి సుమారు 3.25తో హెచ్చిస్తే ఉప్పు వాటా తెలుస్తుంది. పైగా ఉప్పు కాగితాన్ని నల్లబరచదు. నల్లబడిన కాగితాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే గరుకు అంచుల బొగ్గు ముక్కలు వేరుగా కనిపిస్తాయి, మసి అంతకంటే సన్నం.

రేవులోని బొగ్గు యార్డుల విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ వాడే సూత్రం ఒకటుంది. దాని ప్రకారం బొగ్గు దించి పోసేటప్పుడు గాలి వేగం రెట్టింపైతే ఎగిరే దుమ్ము దాదాపు రెండున్నర రెట్లవుతుంది. బొగ్గులో తేమ రెట్టింపైతే అంతకు కాస్త ఎక్కువగానే తగ్గుతుంది. కాబట్టి నీళ్లు చల్లాల్సింది గాలి లేచాక కాదు, లేవకముందు. సముద్రపు గాలి పది, పదకొండు గంటలకు అందుకుంటుంటే, గుట్టలు తొమ్మిదికల్లా తడిసి ఉండాలి. సన్నటి తుంపర గాలికి కొట్టుకుపోతుంది, పెద్ద చుక్కలు పడే రెయిన్‌గన్నులు కావాలి. (పొగమంచు ఫిరంగులు ఫొటోల్లో బాగుంటాయి, తీరపు గాలిలో వాటి తుంపర గుట్టను చేరేది తక్కువ.) బొగ్గును వీలైనంత తక్కువ ఎత్తునుంచి జారవిడవాలి. గట్టి గోడకు ఆవలి పక్క సుడి లేచి దుమ్మును మళ్లీ రేపుతుంది. గుట్ట కంటే ఎత్తుగా, సగానికి సగం ఖాళీలున్న వల కంచె మేలు. లారీలకు టార్పాలిన్ సరే, గేటు దగ్గర చక్రాలు కడగకపోతే బురద ఊళ్లోకి వచ్చి ఎండి పొడవుతుంది. పొడి చీపురుతో ఊడ్పించడం ఆపించండి.

మీరు చేయించాల్సినవి: రేవుకు నైరుతిన ఒకటి, ఈశాన్యాన ఒకటి, జ్ఞానాపురం వైపు ఇంకొకటి, గాలి కొలమానంతో కలిపి దుమ్మును నిరంతరం కొలిచే కేంద్రాలు. గాలి రేవును చేరకముందు, దాటాక వచ్చే అంకెల తేడాయే రేవు వాటా. గంట సగటు, గాలి దిక్కు, వేగం ఒకే పట్టికలో అదే రోజు జనానికి కనిపించాలి; యంత్రం ఆగిన గంటల్ని ఖాళీగానే చూపాలి, పూరించకూడదు. గాలి నిర్ణీత వేగం దాటితే బొగ్గును పట్టి ఎత్తి దించే గ్రాబు క్రేన్ల పని ఆపాలన్న షరతును అనుమతి పత్రాల్లోనే రాయించండి. ఆ వేగం ఎంతో మొదటి నైరుతి కాలపు లెక్కలు చూసి నిర్ణయించవచ్చు, అందుకు కేంద్రాలు మార్చి లోపు పనిచేయడం మొదలుపెట్టాలి.

ఇట్లు,
విశాఖపట్నం వాతావరణం, గాలి నాణ్యతలపై పనిచేస్తున్న కొందరు