పచ్చ బకెట్ గుర్తుందా?

ఒరేయ్ మామా,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం ఫిబ్రవరి సగం దాటాక రాస్తున్నాను. నువ్వు పంపిన మెసేజ్‌లన్నీ చూశాను. జవాబు మొదలుపెట్టడం, ఎవరో పిలవడం, ఫోన్ జేబులో వేసుకుని పరుగెత్తడం, రోజూ ఇదే వరస. అమ్మ మోకాలు ఇప్పుడు నయం. చెల్లి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. నేను శ్రీపెరుంబుదూర్‌కే మకాం మార్చాను, అద్దె తక్కువ, నీళ్ళు ఉప్పు. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. చెబితే నీకే చెప్పాలి, పచ్చ బకెట్ నీదే కదా!

మా ఎలక్ట్రిక్ కారు లైన్ మొదలైందని పోయినసారి చెప్పాను. అందులో నాది బ్యాటరీ ప్యాక్ విభాగం. ఒక్కో ప్యాకు నాలుగు వందల కిలోల పైమాటే, కారు కడుపు కింద మంచంలా పరుచుకుని ఉంటుంది. అందులోకి చుక్క నీరు పోకూడదు. అందుకని ప్రతి ప్యాకుకీ లీక్ టెస్ట్ చేస్తాం. లోపలికి కొంచెం గాలి ఎక్కించి, కాసేపు స్థిమితపడనిచ్చి, ఆ తర్వాత పీడనం ఎంత పడిందో చూస్తాం. పడితే ఎక్కడో కారుతున్నట్టు. హాస్టల్ వెనక పంక్చర్ వేయడం నేర్చుకున్నప్పుడు నీ పచ్చ బకెట్‌లో ట్యూబు ముంచి బుడగల కోసం చూసేవాళ్ళం కదా, అదే పని. ఇక్కడ బుడగలకు బదులు మీటరు ఉంటుంది.

జనవరి చివరి వారం నుంచి ఆ మీటరు మమ్మల్ని ఏడిపించింది రా. పొద్దున షిఫ్ట్ మొదలైనప్పుడు అన్నీ పాస్. పదకొండు దాటేసరికి వరసగా ఫెయిల్. సాయంత్రానికి మళ్ళీ దారిలో పడేది. ఫెయిలైన ప్యాకు మూత విప్పి చూస్తే లోపల ఏ తప్పూ కనబడదు. గాస్కెట్లు, అంటే మూత సందు మూసే పట్టీలు, మార్చాం. బోల్టుల బిగింపు మళ్ళీ సరిచూశాం. గాస్కెట్లు పంపే వాళ్ళతో ఫోన్‌లో గొడవపడ్డాను, వాళ్ళ మనిషి పాపం రెండుసార్లు వచ్చి చూసి తల గోక్కుని వెళ్ళాడు. కారు కట్టాలంటే వేల భాగాలు కావాలి, అన్నీ సిద్ధంగా ఉన్నా ఒక్కచోట ఆగితే మొత్తం లైన్ ఆ ఒక్కదాని వేగంతోనే నడుస్తుంది. మూడు వారాలు ఆ ఒక్కచోటు నాదే. ప్రతి సాయంత్రం మీటింగులో తెరమీద ఎర్రగీత, దాని పక్కన నా పేరు.

ఇప్పుడు సూళ్ళూరుపేట అమ్మాయి సంగతి విను. డిప్లొమా చేసి ట్రైనీగా చేరి మూడు నెలలైంది. టెస్ట్ స్టేషన్‌లో పైపు బిగించి బటన్ నొక్కడం ఆమె పని. తమిళం ఇంకా సరిగా రాదు, అందుకని మీటింగుల్లో నోరు విప్పదు. ఒకరోజు భోజనాల తర్వాత నా దగ్గరికొచ్చి, "సార్, ఒక్కసారి రండి" అంది. ప్రతి ప్యాకు మీదా మాస్కింగ్ టేపు అంటించి, అది ఎన్నింటికి గదిలోకి వచ్చిందో, ఎన్నింటికి టెస్ట్ అయిందో పెన్నుతో రాసిపెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే! వచ్చీరాగానే టెస్ట్ చేసినవి ఫెయిల్. భోజనాల వేళ గంటసేపు గదిలో ఊరికే ఉన్నవి పాస్.

"చెయ్యి పెట్టి చూడండి సార్, ఇది వెచ్చగా ఉంది, అది చల్లారింది. వేడన్నం పెట్టి క్యారేజీ మూత బిగిస్తే చల్లారాక మూత ఊడిరాదు కదా సార్, లోపలికి లాక్కుపోయి? ఇది కూడా అంతేనేమో."

మామా, ఆ మాట విన్నాక ఒక నిమిషంపాటు నాకు నోట మాట రాలేదు. అంతకంటే బాగా మన ఫిజిక్స్ సార్ కూడా చెప్పలేదు. మూసిన డబ్బాలో గాలి చల్లబడితే పీడనం పడుతుంది. మామూలు గది వేడిలో ఒక్క డిగ్రీ తేడాకి దాదాపు 340 పాస్కల్స్ (పీడనాన్ని కొలిచే లెక్క)! మేము పట్టుకోవాలని చూస్తున్నది పదుల పాస్కల్స్ లెక్కలో ఉండే పతనం. అంటే డిగ్రీలో పదోవంతు మారినా చాలు, మీటరు మంచి ప్యాకుని చెడ్డదంటుంది. మధ్యాహ్నం ప్యాకులు బయట 32 డిగ్రీల్లో ఉండి, 25 డిగ్రీల ఏసీ గదిలోకి వస్తున్నాయి. గదిలో చల్లారుతూ ఉండగానే మేము టెస్ట్ చేస్తున్నాం. కారిపోతున్నది గాలి కాదు, వేడి.

బయట ఎందుకున్నాయంటావా? అది నా పాపమే. మొదటి లేఅవుట్‌లో ప్యాకులు ఆగే చోటు, మేము బఫర్ అంటాం, ఏసీ హాల్లోనే ఉండేది. నవంబర్‌లో రెండో లైన్‌కి జాగా కావాలన్నారు. ఇప్పుడు గంటకి 6 ప్యాకులు, మొత్తం సిద్ధమయ్యాక గంటకి 30. ఆ 30 కోసం చోటు వెతుకుతూ బఫర్‌ని లోడింగ్ షట్టర్ పక్కకి జరిపాను. డ్రాయింగ్ మీద చిన్న గీత. కంప్యూటర్ ముందు కూర్చుంటే షట్టర్‌లోంచి ఎండ రావడం కనబడదు కదా. పొంగల్ సెలవుల తర్వాత ఆ చోటు వాడుకలోకి వచ్చింది, ఆ తర్వాతే ఈ గొడవంతా. తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ఆ సాయంత్రం అందరం సంబరపడ్డాం. ఆ అమ్మాయికి మా మేనేజర్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు, ఆమె సిగ్గుతో తలొంచుకుంది. నేను కంపెనీ బస్సెక్కి నిద్రలోకి జారుకున్నాను.

బస్సు టోల్‌గేట్ దగ్గర ఆగింది. కళ్ళు తెరిచాను. ఉన్నట్టుండి కడుపులో ఏదో తిరిగినట్టయింది. వేడి ప్యాకు చల్లారితే మంచిది ఫెయిలవుతుంది. మరి చల్లటి ప్యాకు వేడెక్కితే? తెల్లవారుజామున షట్టర్ పక్కన 21 డిగ్రీలే. ఆ ప్యాకు 25 డిగ్రీల గదిలోకి వస్తే లోపలి గాలి వెచ్చబడి పీడనం పెరుగుతుంది. నిజంగా కారుతున్నా సరే, ఆ పెరుగుదల కారుతున్నదాన్ని కప్పేస్తుంది. పొద్దున అన్నీ పాస్ అని మేము మురిసిపోయామే, ఆ పాస్‌లని ఎలా నమ్మేది?

అక్కడే దిగిపోయాను. షేర్ ఆటో పట్టుకుని వెనక్కి వెళ్ళాను. దారంతా నాకు 2015 డిసెంబరు చెన్నై వరదలే గుర్తొచ్చాయి. చెంబరంబాక్కం చెరువు నుంచి నీళ్ళు వదిలారని కింది అరవ అంకుల్ మెట్లమీద నిలబడి అరవడం, వేళచ్చేరిలో మన వీధి చెరువైపోవడం, నీ బండి హ్యాండిల్ మాత్రమే పైకి కనబడటం. మన పచ్చ బకెట్ తేలుతూ పోతుంటే నువ్వు ఏమన్నావో నేనిక్కడ రాయను, నీకు తెలుసు. ఆ నీళ్ళల్లో నేను పాస్ అని సంతకం పెట్టిన ప్యాకు ఉంటే? పైన కారులో ఎవరి పిల్లలో కూర్చుని ఉంటే? మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా లోపలికి చుక్క చేరకూడదనే ఈ టెస్టంతా పెట్టింది. 2023లో మిచాంగ్ తుఫానప్పుడు చెన్నై మళ్ళీ మునిగింది కదా. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద అనుకోవడానికి కూడా లేదు.

లెక్క తీస్తే, పొద్దున మొదటి రెండు గంటల్లో పాసైన ప్యాకులు మొత్తం 114. అందులో 70 అప్పటికే కార్లకి బిగించేశాం. 38 కార్లు సోమవారం లారీ ఎక్కాలి.

రాత్రి తొమ్మిదికి మీటింగు. ఒకాయన, పేరెందుకులే, "రిపోర్టులో గ్రీన్ ఉంది కదా, టెస్ట్ ప్రకారం పాసే" అన్నాడు. నాకు గొంతు వణికింది. అయినా చెప్పాను, ఆ గ్రీన్ నేనే పెట్టాను, నేనే వెనక్కి తీసుకుంటున్నాను అని. ప్లాంట్ హెడ్ చాలాసేపు మాట్లాడలేదు. ఆయన వెనకటికి మరైమలై నగర్‌లో చేసినవాడు, ఒక ఫ్యాక్టరీ మూతపడటం కళ్ళారా చూశాడు. చివరికి "హోల్డ్. ఒక్క కారు కూడా కదలకూడదు" అన్నాడు. ఆ మాటకి నేను జన్మంతా ఋణపడి ఉంటాను.

నాలుగు రోజులు రా. కార్లు లిఫ్ట్ మీదకెత్తి ప్యాకులు దించడం, ఏసీ హాల్లో రాత్రంతా ఉంచడం, మళ్ళీ టెస్ట్. మూడో రోజు రాత్రి 61వ ప్యాకు ఫెయిలైంది. మళ్ళీ చేశాం, మళ్ళీ ఫెయిల్. సబ్బు నురగ రాసి చూస్తే ఒక మూల చిన్న బుడగ. సీలెంట్ గీతలో వెంట్రుకంత సందు. నాకు ఏడుపొచ్చింది, సంతోషమో భయమో తెలియదు. మర్నాడు ఇంకొకటి దొరికింది. 114లో రెండు. రెండూ కార్లకి బిగించినవే. రెండిటికీ గ్రీన్ స్టిక్కర్ ఉంది మామా.

ఇప్పుడు బఫర్ మళ్ళీ ఏసీలోకి వస్తోంది. ప్రతి ప్యాకూ రెండు గంటలు గదిలో ఉన్నాకే టెస్ట్. దాంతో లెక్కలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. గంటకి 6 అయితే 12 చోట్లు చాలు, గంటకి 30 అయితే 60 కావాలి. ఆ 60 ఎక్కడ పెట్టాలో తెలియక రెండో లైన్ ప్లాను మొత్తం బల్లమీద పరిచి కూర్చున్నాం. హీలియంతో వెతికే పద్ధతి కూడా అడుగుతున్నాం. అది పీడనం చూడదు, బయటికొచ్చే హీలియం జాడ పడుతుంది, కనుక ఈ వేడి గోల అంతగా ఉండదు. కానీ ఖరీదు. తూత్తుకుడిలో వియత్నాం కార్ల కంపెనీ విన్‌ఫాస్ట్ వాళ్ళు ఏడాదికి 50,000 కార్లతో మొదలుపెట్టి 1,50,000 దాకా పెంచుతామన్నారని చదివినప్పుడు ఇదివరకు నాకు అంకెలే కనబడేవి. ఇప్పుడు వాళ్ళ ప్యాకులు ఎక్కడ ఆగుతాయో అని ఆలోచిస్తున్నాను.

2018లో టెస్లా వాళ్ళకీ ఇలాంటిదే జరిగింది. బ్యాటరీ మీద మెత్తటి షీటు పరిచే రోబో లైన్‌నంతా ఆపుతుంటే, దాన్ని బాగుచేయడానికి తంటాలుపడి, చివరికి అడిగితే ఆ షీటే అక్కర్లేదని తేలింది. మనుషుల్ని తక్కువ అంచనా వేశామని మస్క్ అప్పుడు స్వయంగా ఒప్పుకున్నాడు. మాకైతే మనిషి టేపు మీద పెన్నుతో రాసి మరీ చూపించింది. రెండు కోట్ల మెషీన్ పక్కన పది రూపాయల టేపు!

నువ్వు ఈసారి బెంగళూరు నుంచి వస్తే ఆ అమ్మాయిని పరిచయం చేస్తాను. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి మాట్లాడాను కూడా, ఆయన పులికాట్ సరస్సులో చేపల పని చేస్తాడట. కూతురు చేసింది చెబితే ఆయన ఒక మాటన్నాడు, అది నీకు తప్పకుండా చెప్పాలి, ఏమన్నాడంటే

బస్సు హారన్ కొడుతున్నాడు. ఐదుంపావు. ఇది పోస్ట్ డబ్బాలో వేసి పరుగెత్తాలి. ఆదివారం ఫోన్ చేస్తాను, ఎత్తు.

నీ రూమ్మేట్