పచ్చ రోలెక్స్ సబ్‌మెరైనర్ వాచీ విషయంలో మేము చేసిన తప్పు, ఇక నుంచి మా పద్ధతి

అందరికీ నమస్కారం. మా దగ్గర పాత వాచీలు కొనేవాళ్లకీ, రిపేరుకి ఇచ్చేవాళ్లకీ ఒక సంగతి నేరుగా చెప్పాలి. పోయిన దీపావళికి ముందు మేము ఒరిజినల్ అని చెప్పి అమ్మిన ఒక రోలెక్స్ సబ్‌మెరైనర్ పూర్తిగా ఒరిజినల్ కాదని తేలింది. కొన్న ఆయనకి డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాం. ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

వాచీ ఏదంటే, అందరూ ‘హల్క్’ అని పిలిచే 116610ఎల్‌వీ. డయలూ పచ్చే, చుట్టూ తిరిగే బెజెల్ రింగూ పచ్చే. 2010లో వచ్చింది, 2020 సెప్టెంబరులో కంపెనీ ఆపేసింది. దాని స్థానంలో వచ్చిన మోడల్‌కి రింగు పచ్చగానే ఉంది కానీ డయల్ నలుపు. కాబట్టి పచ్చ డయల్ కావాలంటే ఇంకొకరి చేతినుంచి వచ్చినదే కొనాలి, వేరే దారి లేదు. ఇదే వాచీ నలుపులో కూడా ఉంది, 116610ఎల్‌ఎన్ అని. అదే 40 ఎంఎం కేసు, లోపల అదే 3135 మిషన్ (వాచీని నడిపే యంత్రం), అదే చెయిన్. అయినా సెకండ్‌హ్యాండ్‌లో రెండింటి ధరకీ మధ్య లక్షల్లో తేడా ఉంటుంది, మా కేసులో మోసం ఆ తేడాలోంచే పుట్టింది.

ఎవరో ఒక నిజమైన నల్ల సబ్‌మెరైనర్ తీసుకుని, దాని డయలూ రింగూ ఊడదీసి, బయట తయారైన పచ్చ డయల్, పచ్చ రింగు బిగించారు. నా దగ్గరికి వచ్చింది అది. ఫస్ట్ కాపీ అయితే నేను పట్టుకునేవాణ్ణి, ముప్పై ఏళ్లుగా ఐగ్లాసు (భూతద్దం) కంటికి పెట్టుకునే బతుకుతున్నాను. కానీ ఇందులో కేసు నిజం, మిషన్ నిజం, చెయిన్ నిజం. వెనక మూత తెరిచి చూశాను, బ్యాలెన్స్ చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే బ్రిడ్జి, నీలం హెయిర్‌స్ప్రింగ్, ఆ ఎర్రటి చక్రాలు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. వాచీ ఎంత కచ్చితంగా నడుస్తోందో కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెడితే రోజుకి రెండు సెకన్లు కూడా తేడా లేదు. అద్దం కింద, డయల్ చుట్టూ ఉండే లోపలి స్టీలు అంచు మీద ఆరు గంటల దగ్గర చెక్కిన సీరియల్, గ్యారంటీ కార్డు మీది సీరియల్ ఒకటే. అక్కడితో నా మనసు నిమ్మళించింది. కార్డు కూడా దొంగదే కావచ్చని, నిజం సీరియల్‌తోనే 116610ఎల్‌వీ అని అచ్చు వేయించి ఉండొచ్చని నాకు తట్టలేదు. పైగా కొన్నది రాత్రి ఎనిమిదింటికి, ట్యూబ్‌లైటు కింద. తెచ్చినాయన ‘రేపు పొద్దున ఇంకో పార్టీ వస్తోంది’ అని తొందరపెట్టాడు, ధర కూడా మార్కెట్ కంటే కొంచెం తక్కువ. ఆ తొందరలో నేను పడ్డాను, అది నా తప్పే.

బయటపడింది ఒక పెళ్లిలో. మా కస్టమర్ బావమరిది అమెరికా నుంచి వచ్చాడు, ఆయన చేతికీ హల్కే. పగటి పెళ్లి, పందిరి బయట ఎండలో ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి ఫొటో దిగుతుంటే తేడా తెలిసిపోయింది. ఒరిజినల్ హల్క్ డయల్ మీద వెలుగు మధ్యలోంచి విసనకర్రలా విచ్చుకుంటుంది, చెయ్యి తిప్పితే ఆ గీత కూడా తిరుగుతుంది, నీడలోకి వస్తే పచ్చదనం బాగా ముదిరి దాదాపు నల్లగా కనిపిస్తుంది. మేము అమ్మినది ఎండలోనూ నీడలోనూ ఒకే పచ్చగా, రంగు పూసిన రేకులా ఉంది. మా కస్టమర్ నాకు ఫోన్ చేయకుండా ముందు అధికారిక సర్వీసు సెంటర్‌కి ఇచ్చారు, డయల్ ఒరిజినల్ కాదు కాబట్టి సర్వీసు చేయలేం అని తిరిగి ఇచ్చేశారు. ఆయన అలా చేయడమే మంచిదైంది.

వాచీ వెనక్కి తీసుకున్నాక డయల్ ఊడదీసి చూశాను. డయల్‌ని మిషన్‌కి పట్టి ఉంచే రెండు సన్నటి కాళ్లు వెనక వైపు ముతకగా అతికించి ఉన్నాయి. చీకట్లో పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలిసింది. ముళ్లు నల్ల వాచీవే కాబట్టి అసలైన నీలి వెలుగుతో చాలాసేపు మెరిశాయి, డయల్ మీది చుక్కలు మాత్రం వేరే రంగు వెలుగుతో మొదలై ముందే మసకబారాయి. ఒకే ఫ్యాక్టరీలో ఒకేసారి తయారైన డయలూ ముళ్లూ ఇంత వేరుగా వెలగవు. ఈ పరీక్షకి పరికరాలేమీ అక్కర్లేదు, ఫోన్ టార్చి ఒక నిమిషం కొట్టి దుప్పటి కింద పెట్టి చూస్తే చాలు. నేను ఆ రోజు అదైనా చేసి ఉండాల్సింది.

రింగు కూడా చూడండి. హల్క్ రింగు సిరామిక్, అంకెలు లోపలికి చెక్కి ఉంటాయి, వాటిలో ప్లాటినం పూత ఉంటుంది. ఐగ్లాసుతో చూస్తే ఆ పూత మెత్తటి మెరుపుతో, అంచులు పదునుగా కనిపిస్తాయి. మాకు వచ్చిన దాంట్లో వెండి రంగు పెయింటు, ‘50’లోని సున్నా అంచు దగ్గర చిన్నగా పొంగి ఉంది.

హల్క్ కంటే ముందు వచ్చిన ‘కర్మిట్’ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు, 16610ఎల్‌వీ, 2003 నుంచి 2010 వరకు, సబ్‌మెరైనర్ యాభయ్యో ఏడాదికి తెచ్చినది. దీంట్లో నాకు భయం ఇంకా ఎక్కువ. డయల్ నలుపే, రింగు మాత్రమే పచ్చ, అదీ పల్చటి అల్యూమినియం, అనుభవం ఉన్నవాడు కాసేపట్లో మార్చేస్తాడు. మామూలు నల్ల 16610కి పచ్చ రింగు వేసి కర్మిట్ అని అమ్మేవాళ్లున్నారు. డయల్ మీద గుండ్రటి చుక్కలు పెద్దవిగా, నిమిషాల ముల్లు లావుగా ఉండాలి, మామూలు 16610లో రెండూ సన్నం. మొదట్లో వచ్చిన రింగుల మీద ‘40’లోని నాలుగుకి పైభాగం చదునుగా ఉంటుంది, వాటికి ధర ఎక్కువ, అందుకని ఆ నాలుగుని కూడా కాపీ కొడుతున్నారు. పెట్టె, కార్డు, పాత సర్వీసు కాగితాలు లేని కర్మిట్‌ని ఇక మేము కొనం, ఎంత తక్కువకి వచ్చినా సరే.

సీరియల్ నంబరు వాట్సాప్‌లో పంపి ‘ఇది ఒరిజినలేనా’ అని అడిగేవాళ్లకి ఒక మాట. నంబరుతో అది తేలదు. 2010 తర్వాత వాచీలకి సీరియల్‌లో వరస లేదు, అక్షరాలూ అంకెలూ కలిపి ఎలా పడితే అలా వేశారు, దాన్ని చూసి సంవత్సరం కూడా చెప్పలేం. నిజమైన నంబరుని వంద దొంగ వాచీల మీద చెక్కొచ్చు. ఆరు గంటల దగ్గర అద్దంలో ఉండే చిన్న కిరీటం గుర్తుని కూడా నమ్ముకోకండి, డూప్లికేట్లలో అదీ ఉంటోంది, అసలుదాని కంటే స్పష్టంగా కనిపిస్తోంది కూడా. ఇక వెనక అద్దంలోంచి మిషన్ కనిపించే సబ్‌మెరైనర్ ఎవరైనా చూపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి, ఈ మోడళ్లకి వెనక ఎప్పుడూ స్టీలు మూతే.

ఇక మా పద్ధతి. ఆగిపోయిన మోడల్ ఏదైనా సరే, కొనేటప్పుడు పగటి వెలుతురులో తప్ప చూడను. వెనక మూత తెరవడంతో ఆపను, డయల్ కూడా తీసి వెనక వైపు ఫొటో తీస్తాను, ఆ ఫొటో బిల్లుతో పాటు మీకిస్తాను. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే ఆ వాచీ మాకొద్దు. ఇలా తెరిస్తే తర్వాత లోపలికి నీళ్లు పోతాయేమో అని కొందరికి టెన్షన్, అది న్యాయమైన ప్రశ్నే. 300 మీటర్ల లోతుకి చేసిన వాచీ ఇది, తెరిచిన ప్రతిసారీ కొత్త రబ్బరు వాషర్ వేసి ప్రెషర్ టెస్ట్ చేసి, ఆ కాగితం కూడా ఇస్తాం. ఈ పనులన్నిటికీ వారం పడుతుంది, ధర కూడా మునుపటి కంటే కొంచెం పెరుగుతుంది.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టం ప్రకారం కుదరదు, దయచేసి అడగొద్దు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీకి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేయాలి, అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలో చూపించుకోవచ్చు. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామనేవాళ్ల దగ్గర, రేపు వాచీ తేడా అయితే మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల ద్వారా తెప్పించుకునేవాళ్లకి, అక్కడ రోలెక్స్ సొంతంగా తనిఖీ చేసి అధికారిక డీలర్ల దగ్గరే అమ్మే పాత వాచీలు చూడమని చెబుతాను. 2022 డిసెంబరులో మొదలుపెట్టారు, రెండేళ్ల గ్యారంటీ ఇస్తారు. బయటి ధర కంటే ఎక్కువే ఉంటుంది, నాకు వ్యాపారమూ పోతుంది, కానీ భయం లేకుండా కొనాలంటే ఇప్పుడు అంతకంటే మంచి దారి నాకు కనిపించట్లేదు. తెచ్చేటప్పుడు కస్టమ్స్‌లో చెప్పి సుంకం కట్టి రశీదు ఉంచుకోండి.

హల్క్ కోసం అడ్వాన్సు ఇచ్చిన ముగ్గురికీ ఈ వారం నేనే ఫోన్ చేస్తాను. ఆగుతానంటే ఆగండి, డబ్బు వెనక్కి కావాలంటే అదే రోజు అకౌంట్‌లో వేస్తాను, కారణం చెప్పక్కర్లేదు. 2021 నుంచి మా దగ్గర సబ్‌మెరైనర్ కొన్నవాళ్లు ఎవరైనా తీసుకొస్తే ఉచితంగా మళ్లీ తెరిచి చూపిస్తాను, తేడా వస్తే ఆ రోజు మీరు ఇచ్చిన మొత్తం మీది.

ఆ పచ్చ డయల్, పచ్చ రింగు రెండూ షాపులోనే గాజు డబ్బాలో పెట్టాను, అమ్మను. నా స్నేహితుడు తన ఒరిజినల్ హల్క్ ఈ నెలంతా మా దగ్గరే ఉంచడానికి ఒప్పుకున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాళ్లు సాయంత్రం నాలుగు లోపు రండి, అప్పటిదాకా షాపు మెట్ల మీద ఎండ ఉంటుంది.