వయసు కదా అని పంపేయకండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అత్తమ్మ పొయ్యి ఆర్పడం మర్చిపోతోందంటే డాక్టర్ గారు "వయసు కదా" అనేశారు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి. మొదటి రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి కూడా.

రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయని 648 మంది రోగులను పరిశీలించి 2013లో చెప్పింది మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి పరిశోధకులే. అంత పేరున్న నగరంలో గల్లీ స్థాయిలో జ్ఞాపకశక్తి పరీక్ష అడిగితే నోరెళ్లబెడతారేం?

బస్తీ దవాఖానాల నర్సులకు తెలుగులో, ఉర్దూలో జ్ఞాపకశక్తి పరీక్ష నేర్పించండి. ఇలాంటి పరీక్షల్లో గడియారం బొమ్మ గీయమంటుంటారు, చదువురాని ముసలమ్మకు పెన్ను ఇచ్చి అలా గీయమంటే ఏం తేలుతుంది? పనికెళ్లే కోడళ్ల కోసం పగటి సంరక్షణ కేంద్రాలూ పెట్టించండి. ఇంట్లో ఒంటరిగా వదలాలంటే టెన్షన్ సార్.

ఇట్లు,
అంబర్‌పేట కోడలు