వార్డు సాఫ్ట్‌వేర్‌ తయారీలో నర్సుకు చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

నర్సింగ్ తర్వాత ఏం చేయొచ్చో మీ చదువుల పేజీలో రాశారు. విదేశీ ఉద్యోగాలు, టీచింగ్, ఐసీయూ శిక్షణ అన్నీ ఉన్నాయి గానీ నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ ఊసే లేదు. నర్సు పనినీ కంప్యూటర్‌లో సమాచారం నమోదు చేసి వాడుకునే పద్ధతులనూ కలిపే చదువు అది. అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ 1992లోనే దాన్ని నర్సింగ్‌లో ప్రత్యేక విభాగంగా గుర్తించింది. దాని అవసరమేమిటో వార్డులో పనిచేసే నాలాంటివాళ్లకు రోజూ తెలిసొస్తూనే ఉంటుంది.

మా వార్డులో మందు ఇచ్చాక కంప్యూటర్‌లో టిక్కు పెట్టాలి. 'ఇచ్చాం', 'ఇవ్వలేదు' అని రెండే గడులు. యాంటీబయాటిక్ ఇవ్వాల్సిన టైముకి పేషెంటు స్కానింగ్‌లో ఉంటే? మాత్ర మింగిన కాసేపటికే కక్కేస్తే? నాకొద్దు పొమ్మని మొండికేస్తే? వీటన్నిటికీ ఓ మూల 'రిమార్క్స్' అని చిన్న పెట్టె ఉంది. దాన్ని తెరిచి చదివిన డాక్టరు ఇంతవరకు నా కంటపడలేదు. పైగా మేం ఎప్పుడు టైపు చేస్తే అదే మందు ఇచ్చిన టైముగా పడిపోతుంది. వరసగా అందరికీ మందులిచ్చి, మధ్యలో ఎవరిదో సెలైన్ మార్చి, కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి రికార్డు ప్రకారం అన్నీ ఆలస్యమే. తర్వాతి డోసు లెక్క తప్పుతుందేమోనని టెన్షన్. అందుకే డ్యూటీ మారేటప్పుడు ఇప్పటికీ జేబులోంచి చీటీ తీసి చదివి తర్వాతి నర్సుకు ఓవర్ ఇస్తాం, అంటే పేషెంట్ల వివరాలు అప్పగిస్తాం. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన పిల్లలు తెలివైనవాళ్లే. నైట్ డ్యూటీ ఎలా ఉంటుందో వాళ్లకు చూపించినవాళ్లే లేరు.

అటు వార్డు, ఇటు కంప్యూటర్ రెండూ తెలిసినవాళ్లు ఉంటారా అంటే, ఉన్నారు. అమెరికాకు చెందిన పట్రీషియా ఫ్లాట్లీ బ్రెనన్ మానసిక చికిత్స విభాగంలోనూ ఇంటెన్సివ్ కేర్‌లోనూ నర్సుగా చేశారు. ఆ తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. నర్సుకు ఆ చదువెందుకని మా వాళ్లే నవ్వారు. పని ఏ వరసలో సాగుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని చూసే చదువు అది. వార్డుకు అంతకన్నా కావాల్సిందేముంది?

ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లోనే ఆమె క్లీవ్‌లాండ్‌లో 'కంప్యూటర్‌లింక్' అనే ప్రయోగం నడిపారు. అల్జీమర్స్ వచ్చినవాళ్లను ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవాళ్లకు, ఎయిడ్స్‌తో బతుకుతున్నవాళ్లకు ఇళ్లలోనే కంప్యూటర్ టెర్మినళ్లు పెట్టించారు. జబ్బు గురించి చదువుకోవచ్చు, ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే సాయం దొరుకుతుంది, తమలాంటివాళ్లతో సందేశాలు నడపొచ్చు, నర్సును సందేహం అడగొచ్చు. జనం అన్నిటికన్నా ఎక్కువగా వాడుకున్నది ఆ మాటామంతీ భాగాన్నే. నాకది వింతనిపించలేదు. రోగిని వదిలి గడప దాటలేని మనిషి ముందుగా వెతుక్కునేది తన గోడు వినే ఇంకో మనిషిని. విజిటింగ్ అవర్స్‌లో ఏ వరండాలో నిలబడ్డా అది కనిపిస్తుంది.

బ్రెనన్ 2016లో అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌కు డైరెక్టరయ్యారు. 1836 నాటి సంస్థ అది. వైద్య పరిశోధన వ్యాసాల కోసం డాక్టర్లు వెతుక్కునే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌ను నడిపేది కూడా అదే. దాని అధిపతి కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ ఆమె, మొదటి నర్సు కూడా ఆమే. 2023లో ఆ పదవి నుంచి తప్పుకున్నారు.

ఆమెకు ముందుతరంలో వర్జీనియా సాబా అనే మరో అమెరికన్ నర్సు ఉన్నారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఆమె చేసిన పరిశోధన నుంచే 'క్లినికల్ కేర్ క్లాసిఫికేషన్' అనే కోడ్‌ల పద్ధతి పుట్టింది. అందులో నర్సు పని నాలుగు రకాలు: గమనించడం, స్వయంగా చేయడం, నేర్పడం, ఏర్పాట్లు చూడటం. ఫలితం కూడా మెరుగైందా, నిలకడగా ఉందా, దిగజారిందా అని నమోదవుతుంది. మేం రిమార్క్స్‌లో రాసి వదిలేసేవన్నీ అలాంటి పద్ధతిలో లెక్కకొస్తాయి. అన్నట్టు, నర్సుల దినోత్సవానికి ఏటా అందరూ వేసే దీపం బొమ్మలోని నైటింగేల్ కూడా గణాంకాల మనిషే. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో 1858లో చేరిన మొదటి మహిళ ఆమె.

ఆసుపత్రుల యాజమాన్యాలను మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. మందు ఇచ్చిన టైము మేమే వేసుకునే వీలుండాలి. 'ఇవ్వలేదు' అని నొక్కగానే కారణాలు కనిపించాలి, మేం ఎంచుకున్న కారణం డాక్టరు స్క్రీన్ మీద కూడా పడాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక నర్సును వార్డు పని నుంచి తప్పించి, జీతంతో ఆ తయారీవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. నైట్ డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతున్నప్పుడు మీటింగుకి పిలిచి "బాగుందా సిస్టర్?" అంటే ఎవరైనా బాగుందనే అంటారు.

మీ చదువుల పేజీవారు నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ కోర్సుకు అర్హతలేమిటో, చేరాక ఏం నేర్పుతారో ఒకసారి వివరంగా రాస్తే మా జూనియర్లకు చూపిస్తాను.

ఇట్లు,
ఒక సీనియర్ స్టాఫ్ నర్సు