మా వీధి తీర్మానం ఎవరికి ఇవ్వమంటారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మొన్న రెండో ఆదివారం మా వీధి రామమందిరంలో నలభై మందికి పైగా కూర్చున్నాం. సాయంత్రం నాలుగింటికి మొదలైన మాట రాత్రి ఎనిమిదిన్నరకు గానీ తెగలేదు. చివరకు ఒక నోటు పుస్తకం కాగితం మీద రెండు విషయాలు రాసుకుని అందరూ సంతకాలు పెట్టారు. సంతకం రానివారు వేలిముద్ర వేశారు. ఆ కాగితం ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో తెలియక మీకు ఈ లేఖ రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం నగరవాసిని. ముప్పై ఏళ్లకు పైగా ప్రజారోగ్య రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఇంటింటికీ తిరిగి నీళ్ల తొట్లు చూడడం, క్లోరిన్ బిళ్లలు పంచడం, వాంతులు విరేచనాలు మొదలైన పేటల్లో తెల్లవార్లూ కూర్చోవడం నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెప్తున్నాను: జనం కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకున్న ఆరోగ్య నియమం నిలబడుతుంది. గోడకు అతికించి వెళ్లిన నియమం వానకు తడిసి ఊడిపోతుంది.

మా ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. 2005లో ఎన్నికైన మా పురపాలక సంఘం పాలకవర్గం గడువు 2010లో తీరింది. ఆ తరువాత 2015లో మా ఊరు నగరపాలక సంస్థ అయింది. ఎన్నిక మాత్రం రాలేదు. పంచాయతీల విలీనం అన్నారు, వార్డుల విభజన అన్నారు, కోర్టు వ్యాజ్యాలు అన్నారు. 2014లో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగాయి, మాకు జరగలేదు. 2021 మార్చిలో పక్కనున్న విజయనగరం వాళ్లు 50 డివిజన్లకు ఓట్లు వేసుకుని మేయర్‌ను తెచ్చుకున్నారు. మా జిల్లాలోనే పలాస-కాశీబుగ్గలో వేశారు, ఇచ్ఛాపురంలో వేశారు. జిల్లా కేంద్రమైన మేము వేయలేదు. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారాయి, కాబట్టి ఏ ఒక్క పార్టీనో నిందించడానికి నేను ఈ లేఖ రాయడం లేదు.

మా చిన్నబ్బాయికి 34 ఏళ్లు. శాసనసభకు, లోక్‌సభకు ఓటు వేశాడు. తన వీధి కాలువ గురించి నిలదీయడానికి ఒక మనిషిని ఎన్నుకునే ఓటు ఇంతవరకు వాడి చేతికి రాలేదు. వాడి కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది.

రామమందిరంలో జరిగిన చర్చ గురించి చెప్తాను. వినడానికి చిన్నదిగా ఉండవచ్చు, మాకు మాత్రం పెద్దది.

మా వీధిలో ఒక పిల్లవాడిని కుక్క కరిచింది. ఉదయం అయిదున్నరకు ట్యూషన్‌కు వెళ్తుంటే పిక్క పట్టుకుంది. నేను పరుగెత్తుకు వెళ్లేసరికి వాళ్ల అమ్మ గాయం మీద పసుపు అద్దుతోంది. ముందు కుళాయి కింద కాలు పెట్టించి, సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగించాను. తరువాత పెద్దాసుపత్రికి పంపాను. టీకా ఉచితమే. అయితే టీకా మొదలుపెట్టిన రోజు, ఆ తరువాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు తప్పకుండా వెళ్లాలి. ఆ తల్లి ఇళ్లలో పనిచేసి బతికే మనిషి. నాలుగు పూటల పని పోయింది, ఒక ఇల్లు పూర్తిగానే పోయింది. సభలో ఆవిడే మొదట లేచింది. కుక్కలన్నిటినీ బండిలో ఎక్కించి నాగావళి అవతల వదిలేయండి అంది. సగం మంది అవునన్నారు.

ఆ కుక్కలకు రోజూ అన్నం పెట్టే పెద్దావిడ వెనక వరసలో కూర్చుంది. ఒంటరి మనిషి. పెరుగన్నం కలిపి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర విస్తరాకుల్లో పెడుతుంది. అందరూ తన వైపు తిరిగేసరికి ఏమీ అనకుండా సంచిలోంచి చీటీలు తీసింది. అయిదు కుక్కలకు తన పింఛను డబ్బుతో రేబిస్ టీకా వేయించిన చీటీలు అవి. ఒక్కొక్కటీ చేతులు మారుతూ పిల్లవాడి తల్లి దాకా వెళ్లింది. ఆవిడ ఆ చీటీలను చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

అప్పుడు నేను లేచి నాకు తెలిసింది చెప్పాను. పట్టి దూరంగా వదిలేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, తిండి ఉన్న చోటికి టీకా పడని కొత్త కుక్కలు వస్తాయి. అందుకే 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంటాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని మాత్రం వదలకూడదంది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని, ప్రతి వార్డులోనూ దానికో చోటు కేటాయించాలని ఆదేశించింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తరలించాలని, మళ్లీ అక్కడ వదలకూడదని ఇంకో ఆదేశం వచ్చింది. మా వీధి చివర బడి ఉంది. అలాంటప్పుడు మా వార్డులో ఆ చోటు ఎక్కడ?

ఇక్కడే రెండు గంటలు పట్టింది. నీళ్ల ట్యాంకు పక్కన అంటే ఆ పక్కింటివాళ్లు ఒప్పుకోలేదు. ఖాళీ స్థలంలో అంటే యజమాని ఊళ్లో లేడు. చివరకు పాత కల్లం వెనక, జనసంచారం తగ్గాక, రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఒక్క పూట మాత్రమే పెట్టాలని, మిగిలిన అన్నం, ఆకులు పెట్టినవాళ్లే ఎత్తాలని, తెల్లవారుజామున ఎవరూ పెట్టకూడదని ఒప్పుకున్నారు. పెద్దావిడ ఒప్పుకుంది. పిల్లవాడి తల్లి కూడా ఒప్పుకుంది. నా ఉద్యోగంలో ఎన్నో సమావేశాలు చూశాను గానీ, దెబ్బతిన్న మనిషి ఎదుటి మనిషి మాట విని తన మాట మార్చుకోవడం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

వార్డుకో చోటు అని కోర్టు అంది. మా ఊళ్లో వార్డు అంటే పటం మీద ఒక గీత. సచివాలయం ఉంది, అందులో పనిచేసే పిల్లలు మంచివాళ్లు, పిలిస్తే పలుకుతారు. కానీ ఈ చోటు ఖాయం అని రాసిచ్చే అధికారం వాళ్లకు లేదు. పై కార్యాలయానికి వెళ్లమంటారు. అక్కడికి వెళ్తే వేరే విభాగం చూస్తుందంటారు. అర్జీలు తీసుకునే సోమవారం నాడు ఇవ్వమని కొందరు సలహా ఇచ్చారు. అర్జీ అంటే ఒక మనిషి తన కష్టం చెప్పుకుని సాయం కోరడం. ఇది అర్జీ కాదు మంత్రి గారూ. ఒక వీధి తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. దీనికి రసీదు కాదు, ఆమోదం కావాలి. ఆ ఆమోదం తెచ్చేవాడే కార్పొరేటర్. మాకు లేనివాడు అతడే.

రెండో విషయం నీళ్లు. ఇది నాకు కుక్కల కన్నా ఎక్కువ భయం.

రామమందిరం ముందు మురుగుకాలువలో ముప్పై అడుగుల మేర నేను లెక్కపెట్టాను. పదకొండు కుళాయి పైపులు ఆ మురుగులోంచే వెళ్తున్నాయి. ఒకదాని అతుకుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పైన కొబ్బరి తాడు కట్టారు. నీళ్లు వదిలినప్పుడు ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆ అతుకులోంచి నీరు బయటికి చిమ్ముతుంది. నీళ్లు కట్టేశాక లోపల ఒత్తిడి పోతుంది, అప్పుడు అదే అతుకులోంచి మురుగు లోపలికి పోతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే వచ్చే మొదటి బిందె అదే. మా వీధి ఆడవాళ్లు మొదటి బిందె పారబోస్తారు, వాసన బట్టి నేర్చుకున్న జాగ్రత్త అది. లోపలికి చేరిన మురుగంతా మొదటి బిందెతోనే పోతుందని నమ్మకం లేదు. కుళాయి చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. పరీక్ష మందు చుక్క వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరగాలి. అలా తిరగని గాజు గొట్టం చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు కలిగే గుబులు నాకు తెలుసు. 2024 అక్టోబరులో పొరుగున విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. ఉప ముఖ్యమంత్రి గారు స్వయంగా వచ్చి చూశారు. ప్రాణాలు పోయాక వచ్చేవారి కన్నా, పోకముందు కాలువ దగ్గర నిలబడేవారు కావాలి మాకు.

పైపులు పైకి లేపడానికి ఖర్చు ఎవరు పెట్టాలి? ఇంటి పైపు ఇంటి యజమానిదే. అద్దెకున్నవాళ్లు మేమెందుకు ఇవ్వాలన్నారు. ఒకాయన కాలువలో పైపు ఉన్న ప్రతి ఇంటికీ జరిమానా వేయాలన్నాడు. రోజుకూలీతో బతికే ఇంటికి జరిమానా వేస్తే కనెక్షనే తీసేసుకుంటారు, అప్పుడు వాళ్లు తాగేది ఏమిటి అని ఇంకొకరు అడిగారు. చివరకు యజమానులు సామాను ఖర్చు పెట్టాలని, వీధి మొత్తానికి ఒకే రోజు పని జరగాలని, ఇవ్వలేని ఆరు ఇళ్లకు మిగతావాళ్లం కలిసి వేసుకోవాలని తేల్చాం. డబ్బు సిద్ధంగా ఉంది. ఒక రోజు సరఫరా ఆపి, కొలతలు చూపించి, దగ్గర నిలబడే ఇంజనీరు కావాలి. అంతే.

సభలో ఎన్నికలు వద్దన్నవాళ్లూ ఉన్నారు. దాచను. ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారు, పాలకవర్గం వస్తే ముఠాలు వస్తాయి, కాంట్రాక్టుల గొడవలు వస్తాయి, అధికారుల పాలనే నయం అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. రథసప్తమికి అరసవల్లి దారులు ఎంత శుభ్రంగా ఉంటాయో మాకు తెలుసు. 2025లో రాష్ట్ర పండుగగా చేసినప్పుడు వచ్చిన జనానికి మంచినీళ్లు అందించారు, రాత్రికి రాత్రి చెత్త ఎత్తారు. ఆ పని చేసిన పారిశుద్ధ్య కార్మికులకు చేతులెత్తి మొక్కుతాను. అధికారులకు చేతకాదని నేను అనను. వాళ్లకు మా వీధి ఒక్కటే కాదు. ధాన్యం కొనుగోళ్లు, తుపానులు, సమీక్షలు, వీటి మధ్య ఒక ఊరి పాలకవర్గం పని మొత్తం ఒక్క ప్రత్యేకాధికారి సంతకం మీద నడవాలనడం ఆ అధికారికీ న్యాయం కాదు. పైగా బదిలీ వస్తే వెళ్లిపోతారు, కొత్తవారికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. చెడ్డ కార్పొరేటర్ వచ్చినా సరే, రాత్రి పదింటికి వెళ్లి తలుపు కొట్టగలం. అయిదేళ్లకు దించేయగలం. మాస్టారికి అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు గానీ సంతకం పెట్టారు.

పురపాలక సంఘాల గడువు అయిదేళ్లేనని, అది తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెప్తోంది. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, నీటి సరఫరా పురపాలక సంఘాలకు ఇవ్వదగిన బాధ్యతలని పన్నెండో షెడ్యూలులో రాసి ఉంది. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ వ్యాజ్యంలో 2006లో సుప్రీంకోర్టు, వార్డుల విభజన లాంటి కారణాలతో ఎన్నికలు వాయిదా వేయడం కుదరదని స్పష్టంగా చెప్పింది. నేను న్యాయవాదిని కాను. మా అబ్బాయి చదివి వినిపిస్తే రాసుకున్నాను. విన్నప్పుడు దుఃఖం వచ్చింది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నది మాకు ఇన్నేళ్లు ఎందుకు వర్తించలేదు?

అందుకని అడుగుతున్నాను. శ్రీకాకుళం నగరపాలక సంస్థ ఎన్నికకు ఉన్న అడ్డంకులు ఏవి తొలగాయి, ఏవి మిగిలాయి, ఏ తేదీకి తొలగిస్తారు అన్నది మీ శాఖ తరఫున రాతపూర్వకంగా ప్రకటించండి. ఎన్నిక జరిగేదాకా ప్రతి వార్డులో నెలకొకసారి సభ పెట్టించండి. పారిశుద్ధ్యం, నీళ్లు, పశువైద్యం చూసే అధికారులు ముగ్గురూ ఆ సభలో కూర్చోవాలి. జనం తేల్చింది రాసుకోవాలి. కుదిరితే ఏ రోజుకు చేస్తారో, కుదరకపోతే ఎందుకు కుదరదో ముప్పై రోజుల్లో ఆ వార్డు సచివాలయం పలక మీద పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ ఉత్తర్వు చాలు.

వచ్చే రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ అదే రామమందిరంలో కూర్చుంటున్నాం. ఖాళీ స్థలాల్లో నిలిచే నీళ్లు, దోమల సంగతి ఆ రోజుకు వాయిదా వేశాం. మీ శాఖ నుంచి ఒక్కరిని పంపండి. సంతకాల కాగితం వారి చేతికి ఇస్తాను.

ఇట్లు,
శ్రీకాకుళం నగరవాసి,
విశ్రాంత ఆరోగ్య ఉద్యోగిని