కాన్పు ఒకటే, పిల్లలు ముగ్గురు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు 'ఒకే కాన్పులో ముగ్గురు' అని ఒక ఫొటో వస్తుంటుంది. తెల్లటి బట్టల్లో చుట్టిన ముగ్గురు పిల్లలు, వెనక నర్సులు, కింద 'తల్లీబిడ్డలు క్షేమం' అని ఒక లైను. అది చదివినప్పుడల్లా నాకు ఆ తల్లి గురించే దిగులు. నాకూ ముగ్గురే, ఇద్దరు ఆడపిల్లలు, ఒక బాబు, ఇప్పుడు 14 నెలలు. వాళ్లు పుట్టిన ఏడాదే మేం మొదటిసారి సొంతిల్లు కొనుక్కుని అద్దె ఇంట్లోంచి మారాం. ఈ రెండూ ఒకేసారి మీద పడ్డప్పుడు మాకు తెలిసొచ్చింది ఒకటే. ఆఫీసు దగ్గర, ఇన్సూరెన్సు దగ్గర, బ్యాంకు దగ్గర, బిల్డర్ దగ్గర మాది 'ఒక కాన్పు', అంతే. ముగ్గుర్ని లెక్కపెట్టిన వాళ్లు ఎవరూ లేరు.

మేం ముందుచూపు లేక ఇరుక్కోలేదు. కూకట్‌పల్లిలో 19 వేల అద్దెకి ఉంటూ, మియాపూర్ దాటాక కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 60 లక్షలకి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ రెండేళ్ల ముందే బుక్ చేశాం. డిసెంబరుకల్లా తాళాలిస్తామని అగ్రిమెంట్‌లో ఉంది. ఆ సెప్టెంబర్లో స్కానింగ్‌కి వెళితే డాక్టరమ్మ స్క్రీన్ మా వైపు తిప్పి ఒకటి, రెండు, మూడు అని వేలితో చూపించారు. మావారు బయటికి వచ్చేదాకా నోరు తెరవలేదు, వచ్చాక మొదట అన్నమాట "ఇల్లు టైముకి ఇస్తే చాలు" అని. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా గృహప్రవేశం చేయకూడదని మా అత్తయ్య అన్నారు. సరే, పాలు తర్వాతే పొంగిద్దాం, డిసెంబర్లో తాళాలు చేతికొస్తే వుడ్‌వర్క్ అయిపోతుంది, రంగుల వాసన పోతుంది, పిల్లలు వచ్చేసరికి ఇల్లు సిద్ధంగా ఉంటుందనుకున్నాం.

డిసెంబర్ వచ్చింది, తాళాలు రాలేదు. మార్చి అన్నారు. జనవరి మొదటి వారం నుంచి నన్ను మంచం దిగొద్దన్నారు. చట్టం ప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు, అందులో కాన్పు తేదీకి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. నా తేదీ ఏప్రిల్ చివర్లో ఉంది, కాబట్టి ఆ రెండు నెలలు సొంత సెలవులు కొన్ని, జీతం లేకుండా కొన్ని పెట్టి గడిపాను. మార్చి మొదటి వారంలో, 32 వారాలకే ఆపరేషన్ చేసి పిల్లల్ని తీశారు. పెద్దది కిలో 600, నడిపిది కిలో 500, బాబు కిలో 300. ఆడపిల్లలిద్దరూ 22 రోజులు, బాబు 34 రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉన్నారు. అంటే మొత్తం 78 రోజుల బిల్లు. రోజుకి 10 వేలు లెక్కేసినా 7 లక్షల 80 వేలు. మావారి కంపెనీ పాలసీ 5 లక్షలు, కుటుంబం మొత్తానికి అంతే. మిగతాది ఎక్కడిదంటే, రిజిస్ట్రేషన్‌కి, వుడ్‌వర్క్‌కి దాచుకున్న డబ్బు.

ఇల్లు కొనేవాళ్లకి ఈ లెక్క తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. 30 లక్షల నుంచి 75 లక్షల దాకా లోనుకి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతమే ఇస్తుంది. మాకు 48 లక్షలు వచ్చింది. మిగతా 12 లక్షలు, కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, అన్నీ మన చేతి నుంచే. ఈ రిజిస్ట్రేషన్ ఖర్చుని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. అంటే చేతిలో 19 లక్షల 50 వేలు ఉండాలి. ఏళ్ల తరబడి చీటీలు కట్టి, నా నగలు కొన్ని పెట్టి కూడబెట్టిన డబ్బులోంచి ఆసుపత్రికి తీయాల్సొచ్చింది.

పిల్లలు ఇంటికొచ్చాక రోజు ఎలా గడిచేదో చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. ఒక్కొక్కరికి మూడు గంటలకోసారి పాలు, అంటే రోజుకి ఎనిమిదిసార్లు, ముగ్గురికి 24 సార్లు. నెలలు నిండని పిల్లలు గుక్కగుక్కకీ అలసిపోతారు, ఒకరికి పట్టడానికి 40 నిమిషాలు. మూడో బిడ్డ పూర్తయ్యేసరికి రెండు గంటలు, ఆ మిగిలిన గంటలో గిన్నెలు మరగబెట్టాలి, పాలు తీసిపెట్టాలి, లంగోటాలు మార్చాలి, అప్పటికి మళ్లీ మొదటి బిడ్డ లేస్తుంది. మా అమ్మ నాకు చిన్నప్పుడు పట్టిన వెండి ఉగ్గుగిన్నె తెనాలి నుంచి తెచ్చింది, దాంతోనే ముగ్గురికీ పట్టింది. ఎవరికి ఎంత పట్టామో రాయడానికి లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీశాను. ఆ పుస్తకం ఇప్పటికీ దాచుకున్నా. ఒకచోట 'రాత్రి 2.40, బాబు, 25 ఎం.ఎల్., కక్కాడు' అని ఉంటుంది, ఆ కింద నా అక్షరాలు నాకే అర్థం కావు. ఒక రాత్రి నిద్రమత్తులో పెద్దదానికి రెండుసార్లు పట్టి, నడిపిదాన్ని వదిలేశాం. తెల్లారాక పుస్తకం చూస్తే తెలిసింది. ఆ పిల్ల ఏడవలేదు కూడా, ఏడ్చే ఓపిక లేక పడుకుంది. నేను గోడకి ఆనుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఆ రోజే అమ్మ పెద్దదాని చేతికి ఎర్రదారం, నడిపిదానికి ఆకుపచ్చ దారం కట్టింది.

ఈ మధ్యలోనే బ్యాంకు. లోనులో ఒక విడత బిల్డర్‌కి విడుదల చేయాలంటే దరఖాస్తుదారులిద్దరూ బ్రాంచికొచ్చి సంతకాలు పెట్టాలన్నారు. ఆలస్యమైతే బిల్డర్ వడ్డీ వేస్తాడు, డిమాండ్ లెటర్‌లో స్పష్టంగా రాసుంది. బ్యాంకువాళ్లు రమ్మన్నది పిల్లలు పుట్టిన 28వ రోజున. ఆ రోజే ఆడపిల్లలిద్దరికీ రెటీనా పరీక్ష. ఇది చదివేవాళ్లలో నెలలు తక్కువ పిల్లలున్నవాళ్లు ఉంటే దయచేసి గుర్తుపెట్టుకోండి. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు బరువున్నా 30 రోజుల్లోపు కళ్లలో రెటీనా చూపించాలి, ఆ వయసులో పట్టుకుంటే చికిత్స ఉంది, దాటిపోతే చూపే పోవచ్చు. నేను పరీక్షకే వెళ్లాను. కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి, ఒళ్లో ఒకరు, అమ్మ ఒళ్లో ఒకరు. దేవుడి దయవల్ల ఇద్దరి కళ్లూ బాగున్నాయి, బాబుకి ఆసుపత్రిలోనే చూశారు. బ్యాంకు సంతకం నాలుగు రోజులు ఆలస్యమైంది, ఆ నాలుగు రోజులకీ వడ్డీ కట్టించుకున్నారు. 70 ఏళ్లు దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటి దగ్గరికే వచ్చి సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది. పచ్చి బాలింతని కూడా ఆ జాబితాలో చేర్చడానికి ఏం అడ్డం?

తాళాలు చివరికి జులైలో ఇచ్చారు, ఏడు నెలలు ఆలస్యంగా. ఈ ఏడు నెలలూ అద్దె 19 వేలు, బ్యాంకుకి ప్రీ-ఈఎంఐ 30 వేల చిల్లర. ప్రీ-ఈఎంఐ అంటే ఉత్త వడ్డీ, అందులో ఒక్క రూపాయి కూడా అసలుకి పోదు. రెరా చట్టంలో, అంటే బిల్డర్ల మీద నియంత్రణకి తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టంలో దీనికి దారి ఉంది. చెప్పిన తేదీకి ఇల్లివ్వకపోతే, కొన్నవాళ్లు ఫ్లాట్ వద్దనుకోకుండా ఆగితే, ఆలస్యమైన ప్రతి నెలకీ బిల్డర్ వడ్డీ కట్టాలి. కొన్నవాళ్ల ఆలస్యానికి వేసే వడ్డీ రేటు ఎంతో బిల్డర్ ఆలస్యానికి కూడా అంతే ఉండాలని కూడా చట్టమే చెబుతోంది. మరి ఏమైందంటే, తాళాలకి వెళ్లిన రోజు మావారి ముందు ఒక కాగితం పెట్టారు. ఆలస్యం మీద మాకు ఎలాంటి అభ్యంతరం లేదు, పరిహారం అడగం అని. సంతకం పెడితేనే తాళం. ఆయన అక్కణ్నుంచే ఫోన్ చేశారు. నా ఒళ్లో బాబు ఉన్నాడు, పక్కన ఇద్దరూ ఏడుస్తున్నారు. పెట్టేయండి అన్నాను. చట్టం తెలిసీ అన్నాను. రెరా ఆఫీసుకి తిరగడానికి మా ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి లేడు, ఇంకో నెల అద్దె కట్టే ఓపిక లేదు. ఈ సంతకం నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

జులై అంటే ఆషాఢం, కాబట్టి శ్రావణం దాకా ఆగాం. అది ఒకందుకు మేలే అయింది, ఎందుకంటే కొత్త రంగుల ఇంట్లోకి వెంటనే తీసుకెళ్లొద్దని, కిటికీలన్నీ తెరిచిపెట్టి మూడు నాలుగు వారాలైనా ఆగమని పిల్లల డాక్టర్ చెప్పారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ల ఊపిరితిత్తులు కదా. హోమం పొగ తగలకుండా ఆ పూట ముగ్గుర్నీ కూకట్‌పల్లిలో ఎదురింటి పిన్నిగారి దగ్గర వదిలి వెళ్లాం. సాయంత్రం నాలుగింటికి తీసుకొస్తే లిఫ్ట్ లేదు. ఓసీ, అంటే ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం, ఇంకా రాలేదు, కరెంటు టెంపరరీ లైను, మాది అయిదో అంతస్తు. మావారు, తమ్ముడు, నేను తలా ఒకర్ని ఎత్తుకుని మెట్లెక్కాం. మా అమ్మకి మోకాళ్లు నొప్పి, కింద పార్కింగ్‌లో సిమెంటు బస్తాల మీద కూర్చుని, అక్కణ్నుంచే పైకి చూస్తూ ఉంది. రాత్రి ఎనిమిదింటికి కరెంటు నిలబడ్డాక అమ్మని పైకి తీసుకొచ్చాం. వుడ్‌వర్క్ డబ్బు ఆసుపత్రికి పోయింది కాబట్టి బట్టలన్నీ అట్టపెట్టెల్లోనే, ఇప్పటికీ ఒక గదిలో అలాగే ఉన్నాయి.

సొంతిల్లు వచ్చింది గానీ పిన్నిగారు దూరమయ్యారు. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. పాత ఇంట్లో రోజూ పదకొండింటికి ఆవిడ వచ్చి ఒక బిడ్డని ఎత్తుకెళ్లేది, ఆ గంటలోనే నేను స్నానం చేసేదాన్ని, అన్నం తినేదాన్ని. కొత్త అపార్ట్‌మెంట్‌లో అప్పటికి దిగింది నాలుగు కుటుంబాలు, ఎవరి తలుపులు వాళ్లు వేసుకునేవాళ్లు. పసిపిల్లలున్న ఇంటికి గదుల కన్నా ముందు మనుషులు కావాలి, ఆ సంగతి మేం ఇల్లు చూసుకునేటప్పుడు లెక్కలోకే తీసుకోలేదు.

మారిన రెండు మూడు వారాలకే నా 26 వారాలు అయిపోయాయి. కాగితం మీద పిల్లలకి ఆరు నెలలు. కానీ పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేస్తే నాలుగే, డాక్టర్లు ఎదుగుదలని ఆ లెక్కలోనే చూస్తారు. ఆ 26 వారాల్లోంచే ఎన్ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న రోజులు కూడా పోయాయి. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా ఆఫీసులో పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు చట్టంలో ఉన్నాయి, నా పిల్లలు 14 కిలోమీటర్ల అవతల ఉన్నారు. 50 మంది పనిచేసే చోట బేబీకేర్ గది తప్పనిసరి, మాది అంతకన్నా చిన్న ఆఫీసు. ఇంకొకటి, నెలలు నిండకుండా కాన్పు కావడం వల్ల తల్లికి అనారోగ్యమైతే డాక్టర్ కాగితం మీద ఇంకో నెల దాకా జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది. నాకూ తెలియదు, మా ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. ఇది చదివిన తల్లులు అడిగి తీసుకోండి. మావారికి వాళ్ల కంపెనీ ఇచ్చింది అయిదు రోజులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులు, ప్రైవేటులో తండ్రికి సెలవివ్వాలన్న చట్టమే లేదు.

మన 26 వారాలు చాలా దేశాల కన్నా ఎక్కువే, కాదనను. ఫ్రాన్స్‌లో మొదటి బిడ్డకి 16 వారాలే. కానీ అక్కడ కవలలైతే 34 వారాలు, ముగ్గురైతే 46. వాళ్లు కాన్పుని కాదు, పిల్లల్ని లెక్కపెట్టారు. మనం కూడా అలాగే లెక్కపెట్టాలి. ఒక కాన్పులో ఇద్దరు ముగ్గురు పుట్టినప్పుడు, నెలలు తక్కువగా పుట్టినప్పుడు కనీసం ఎన్ఐసీయూలో గడిపిన రోజులైనా సెలవుకి కలపాలి, తండ్రికి కనీసం ఒక నెల ఇవ్వాలి. రెరా వాళ్లకి నా విన్నపం, తాళాలిచ్చేటప్పుడు రాయించుకునే ఆ 'అభ్యంతరం లేదు' కాగితాలు చెల్లవని గట్టిగా ప్రకటించండి, ఆలస్యపు వడ్డీని ఎవరూ అడగక్కర్లేకుండా చివరి విడతలోంచే తగ్గించేలా రూలు పెట్టండి. మాకు పోయింది పోయింది, మా పక్క బ్లాకు ఇంకా ఇవ్వలేదు, అందులో ఇద్దరు కడుపుతో ఉన్నవాళ్లు ఉన్నారని విన్నాను.

మా అడ్రసు, నంబరు ఉత్తరం వెనక రాశాను, అవి పేపర్లో వేయొద్దు, మీ దగ్గర ఉంచండి. మా పిల్లలకి చాలని మూడు ఉయ్యాల బుట్టలు, నెలలు తక్కువ పిల్లలకి సరిపోయే చిన్న సైజు బట్టలు, పాలు తీసే మెషీన్, ముగ్గురు పట్టే తోపుడు బండి ఉతికి, తుడిచి మూటగట్టి పెట్టాను. ఈసారి మీ విలేకరి అలాంటి ఫొటోకి వెళ్లినప్పుడు ఆ ఇంటివాళ్లకి మా నంబరు ఇవ్వమనండి. హైదరాబాద్‌లో ఎక్కడున్నా ఆదివారం పూట మేమే తెచ్చి ఇస్తాం. మూడు గళ్లు ఎలా గీసుకోవాలో కూడా చూపించి వస్తాను.

ఇట్లు,
ముగ్గురు పిల్లల తల్లి, హైదరాబాద్