పని పూర్తయిందని చూపించి బూట్ కాని డ్రైవ్ మిగిల్చిన మీ క్లోనింగ్ ప్రోగ్రామ్‌పై ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ 500 జీబీ ఎస్‌ఎస్‌డీతో ఇచ్చే క్లోనింగ్ ప్రోగ్రామ్‌లో లోపం, మీ సపోర్ట్ సిబ్బంది ఇచ్చిన ప్రమాదకరమైన సలహా, నాకైన ఖర్చుల వాపసు గురించి.

అయ్యా,

నేను విజయవాడలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు మా దగ్గర తయారవుతాయి. షాపులోని ముఖ్యమైన కంప్యూటర్ బాగా నెమ్మదించడంతో, అందులోని 1 టీబీ హార్డ్ డిస్క్ తీసేసి దాని స్థానంలో వేద్దామని, అంతకంటే వేగంగా పని చేసే మీ సాటా ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ కొన్నాను. అంతకంటే తక్కువ ధరకు వేరేవి దొరుకుతున్నా మీదే తీసుకోవడానికి కారణం మీ పెట్టె మీది మాట. పాత డ్రైవ్‌లోని విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టుగా కొత్త డ్రైవ్‌లోకి మార్చుకోవచ్చని, అందుకు క్లోనింగ్ ప్రోగ్రామ్ ఉచితంగా ఇస్తున్నామని రాశారు.

ఆ మాట నాకెందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీ సపోర్ట్‌లో నాతో మాట్లాడినవాళ్లంతా "విండోస్ కొత్తగా వేసేసుకోండి సార్, అయిపోతుంది" అనే అన్నారు. మాలాంటి షాపులో అలా అయిపోదు. మేము ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో పని చేస్తాం. అది పేజీలు అమర్చడానికి 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్. తెలుగు మ్యాటర్ అంతా అను ఫాంట్లలో ఉంటుంది. అది అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి కూడా కనిపించదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. వీటికి తోడు పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్లు, స్కానర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు. ఇవన్నీ కుదురుగా పని చేస్తున్న సిస్టమ్ అది. మళ్లీ మొదటి నుంచి అన్నీ వేసుకోవాలంటే పాత సీడీలు, సీరియల్ నంబర్లు వెతుక్కోవాలి, మధ్యలో పని ఆగిపోవాలి. కొత్తగా వేసుకోవడమే అయితే ఏ కంపెనీ డ్రైవ్ అయినా సరిపోయేది కదా!

ముందు మీ కరపత్రంలోని బొమ్మలో ఉన్నట్టే యూఎస్‌బీ కేబుల్‌తో ఎస్‌ఎస్‌డీని తగిలించాను. విండోస్‌కి డ్రైవ్ కనిపించింది, మీ ప్రోగ్రామ్‌కి మాత్రం కనిపించలేదు. "మా కంపెనీ డ్రైవ్ లేదు" అంటూ ఆగిపోయింది. కేబుల్ పాడైందేమో, ఇంకోటి కొనమని సపోర్ట్‌వాళ్లు చెప్పారు. కొన్నాను. అదే జవాబు. అసలు సంగతి మా టెక్నీషియన్ వివరించాడు. ఇలాంటి కేబుళ్లలో ఉండే చిప్ కొన్నిసార్లు డ్రైవ్ పేరుకు బదులు తన పేరు చెబుతుందట. మీ ప్రోగ్రామ్ మీ కంపెనీ పేరు కోసమే వెతుకుతుంది కాబట్టి దానికి డ్రైవ్ దొరకదు. ఎస్‌ఎస్‌డీని నేరుగా మదర్‌బోర్డుకే తగిలిస్తే వెంటనే గుర్తుపట్టింది. కేబుల్ బొమ్మ వేసిన చోటే ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు రెండో కేబుల్ ఖర్చు తప్పేది.

అసలు ఫిర్యాదు ఆ తర్వాతి దాని గురించి. క్లోనింగ్ మొదలుపెట్టే తెరపై మీ ప్రోగ్రామ్ "సిస్టమ్ డ్రైవ్ (సీ)" అన్నదానికి ముందే టిక్ పెట్టి చూపించింది. "సిఫార్సు" అని పక్కనే రాసి ఉంది. అలాగే కానిచ్చాను. చివర 100 శాతం, ఆకుపచ్చ టిక్, "మీ సిస్టమ్ విజయవంతంగా మార్చబడింది, ఇక పాత డ్రైవ్ తీసేయవచ్చు" అన్న సందేశం. పాత డ్రైవ్ తీసి ఆన్ చేస్తే నల్ల తెర మీద బూట్ డివైస్, అంటే విండోస్‌ను మొదలుపెట్టగల డ్రైవ్, ఏదీ లేదన్న లైను వచ్చింది. రెండూ తగిలిస్తే విండోస్ వస్తోంది, కానీ వేగంలో తేడా లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే "బూట్" అన్న మాట పాత డిస్క్ మీదే ఉంది. అంటే కంప్యూటర్ పాత డిస్క్ మీదే నడుస్తోంది.

ఎందుకిలా జరిగిందో మీ ఇంజినీర్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా మీ సపోర్ట్‌వాళ్లు ఒక్కరూ దీని ఊసెత్తలేదు కాబట్టి రాస్తున్నాను. యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో నడిచే కంప్యూటర్లలో విండోస్ ఒక్క సీ డ్రైవ్‌లోనే ఉండదు. దానికి ముందు ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని చిన్న భాగం ఉంటుంది. మా సిస్టమ్‌లో అది 100 ఎంబీ. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి మై కంప్యూటర్‌లో కనిపించదు. కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డు ముందుగా వెతికేది దాన్నే. బూట్ ఫైళ్లు అక్కడ ఉంటాయి, విండోస్ ఎక్కడుందో అవే చెబుతాయి. అది లేకుండా సీ డ్రైవ్‌ను మాత్రం కాపీ చేయడం, సామానంతా కొత్త ఇంటికి చేర్చి తాళంచెవి పాత ఇంట్లో వదిలేసినట్టు. మీ ప్రోగ్రామ్ సరిగ్గా అదే చేసింది, పైగా దాన్నే సిఫార్సు చేసింది. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది, పని పూర్తయిందని అది చెప్పడం. కొత్త డ్రైవ్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉందో లేదో చూడటం ఏ ప్రోగ్రామ్‌కైనా క్షణంలో పని. అది చూడకుండానే "పాత డ్రైవ్ తీసేయవచ్చు" అని ఎలా రాస్తారు?

ఇక మీ సపోర్ట్ సంగతి. ఒకాయన బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, లెగసీ మోడ్ అనే పాత బూట్ పద్ధతి పెట్టమన్నారు. మా డిస్క్ యూఈఎఫ్‌ఐకి తగ్గట్టు జీపీటీ పద్ధతిలో భాగాలు చేసినది. జీపీటీ డిస్క్‌లో ఉన్న విండోస్ లెగసీ మోడ్‌లో బూట్ కాదు. ఆ మాట విని అలా మార్చాక అప్పటిదాకా వస్తున్న పాత డిస్క్ కూడా రాకుండా పోయింది. మళ్లీ వెనక్కి మార్చుకునేదాకా నేను పడ్డ టెన్షన్ మామూలుది కాదు. మరొకరు ఇంకో అడుగు ముందుకు వేశారు: "రెండు డ్రైవ్‌లు ఒకేలా ఉండటం వల్ల గొడవ వస్తోంది సార్, పాతది ఫార్మాట్ చేసేయండి, కొత్తది బూట్ అవుతుంది." దయచేసి ఈ వాక్యం మరోసారి చదవండి. బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లోనే ఉన్నాయి. నా షాపులో ఏళ్ల తరబడి పోగుపడిన పనికి సక్రమంగా పని చేస్తున్న ఏకైక సిస్టమ్ అదే. ఆ సలహా పాటించి ఉంటే నా చేతిలో బూట్ కాని డ్రైవ్ ఒకటి, ఖాళీ డ్రైవ్ ఒకటి మిగిలేవి. అది మాఘమాసం, ముహూర్తాలు దగ్గరపడ్డాయి, శుభలేఖల ప్రూఫులు అవతలివాళ్లకు వెళ్లాలి. మీ కంపెనీ తరఫున మాట్లాడుతున్న మనిషి డేటాకు బ్యాకప్ ఉందా అని కూడా అడగకుండా ఫార్మాట్ చేయమనడాన్ని నేను మామూలు పొరపాటుగా తీసుకోలేను.

చివరికి మా టెక్నీషియన్ విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, కొత్త డ్రైవ్‌లో సీ భాగాన్ని కొద్దిగా తగ్గించి, ఆ ఖాళీలో 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేశాడు. దాన్ని ఫ్యాట్ 32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి, బీసీడీబూట్ అనే ఒక్క కమాండ్‌తో బూట్ ఫైళ్లు రాశాడు. పాత డ్రైవ్ తీసి ఆన్ చేస్తే పేజ్‌మేకర్, అను, ప్రింటర్ అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆ కమాండ్ విండోస్‌లోనే ఉంటుంది. మీ ప్రోగ్రామ్ ఆ పని చేయకపోవడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ నాకు కనిపించలేదు.

మీ డ్రైవ్ మీద నాకు ఫిర్యాదు లేదని కూడా చెప్పాలి. ఇప్పుడు పెద్ద ఫైళ్లు చకచకా తెరుచుకుంటున్నాయి. 500 జీబీ అన్నది విండోస్‌లో 465గా కనిపించడం లెక్క వేసే పద్ధతిలో తేడా, అది నాకు తెలుసు. వస్తువు మంచిదే. ఆ వస్తువును అమ్మడానికి ఇచ్చిన మాటను నిలబెట్టుకోలేదన్నదే నా బాధ.

కాబట్టి రెండో కేబుల్ ఖర్చు, టెక్నీషియన్ ఫీజు కలిపి రూ. 2,350 నాకు తిరిగి చెల్లించండి. అంతకంటే ముఖ్యంగా, మీ ప్రోగ్రామ్‌లో సీ డ్రైవ్‌కు మాత్రమే టిక్ ఉండే ఆ సిఫార్సును వెంటనే తీసేయండి. మొత్తం డిస్క్‌ను, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌తో సహా, మార్చేలా పెట్టండి. బూట్ అవుతుందో లేదో చూసుకున్నాకే పూర్తయిందని చెప్పేలా చేయండి. పాత డ్రైవ్‌ను ఫార్మాట్ చేయమని ఎవరికీ చెప్పవద్దని మీ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. కొత్త డ్రైవ్ ఒక్కటే తగిలించి కొన్నాళ్లు వాడి చూశాకే పాతదాని జోలికి వెళ్లాలని పెట్టె మీద తెలుగులోనూ రాయండి. నాకున్నట్టు పక్కన తెలిసిన టెక్నీషియన్ లేనివాళ్లు, పిల్లల ఫొటోలు, చదువుల ఫైళ్లు ఉన్న పాత డ్రైవ్‌ను మీ ఆకుపచ్చ టిక్ చూసి చెరిపేసుకుంటారన్న భయంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ లేఖ అందిన నెల రోజుల్లోగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన అన్న కారణాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. అంతకుముందు జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయిస్తాను.

బిల్లుల కాపీలు, మీ ప్రోగ్రామ్ చూపిన చివరి సందేశం ఫొటో, పాత డిస్క్ మీద "బూట్" అని ఉన్న తెర ఫొటో, ఫార్మాట్ చేయమన్న చాట్ కాపీ ఈ లేఖకు జత చేశాను.

ఇట్లు,
డీటీపీ సెంటర్ యజమాని
విజయవాడ